నొక్కినవాళ్ల జాబితా

గంట అన్నారు. అర్జీ అందిన గంటలోపు చూసి చెబుతాం అని చెత్త మెయిళ్లు పంపే సర్వర్లని వెలేసే నల్లజాబితా వాళ్ల పేజీలో రాసి ఉంది, నేను పదకొండూ నాలుగుకి పంపాను, ఇప్పుడు పదకొండూ పన్నెండు, పేజీ మళ్లీ తెరిచాను, మీరు జాబితాలో ఉన్నారు అంది, మళ్లీ తెరిచాను, ఉన్నారు. ఈ గదిలో ఏసీ ఎప్పుడూ పద్దెనిమిది మీదే ఉంటుంది. యంత్రాలు వేడెక్కకూడదు కాబట్టి మనిషి గడ్డకట్టాలి, అదీ ఇక్కడి న్యాయం. పన్నెండేళ్లుగా మండు వేసవిలో కూడా స్వెట్టరు వేసుకునే కూర్చుంటున్నాను, ఈ స్వెట్టరు వదిన అల్లిందే, ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తు రావాలి. మూడు రోజులుగా మా కంపెనీ ఉత్తరాన్ని గడప తొక్కనిచ్చినవాడు లేడు. పంపినవి పంపినట్టే వెనక్కొస్తున్నాయి, ఒక్కోదాని నెత్తిన అదే ముక్క, మీ సర్వరుకి మంచి పేరు లేదు. మేం కళ్లద్దాలకి గాజు అరగదీసేవాళ్లం. కొట్లవాళ్లు కంటి నంబర్లు మెయిల్లో పంపుతారు, మేం సరిచూసి ఇవేనా అని తిరిగి రాస్తాం, అవునంటే కింది అంతస్తులో అరగదీసే రాయి తిరుగుతుంది. ఆ ఇవేనా అన్న మాట ఎవరికీ చేరక రాళ్లన్నీ ఆగి ఉన్నాయి, పొద్దస్తమానం వినపడే గరగర లేక భవనం మొత్తానికి చెవుడు వచ్చింది. ఇలాంటి మర్యాదస్తుల కంపెనీ శనాదివారాల్లో, గేటుకి తాళం వేసి ఉండగా, అరవై ఒక్క వేల మందికి మగతనం మాత్రల ప్రకటన పంపింది. ఒక బడి హెడ్మాస్టరమ్మ ఫోన్ చేసి పెద్దసారుని తిట్టిన తిట్లు నేను తలుపు బయట నిలబడి విన్నాను. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. అప్పటికింకా నాకు నవ్వు వస్తోంది.

ఎలా జరిగిందో నాకు తెలుసు, నాకొక్కడికే తెలుసు. ఎనిమిదేళ్ల క్రితం ఒక స్కానర్ కొన్నారు. కాగితం పెడితే ఫొటో తీసి తనే మెయిల్ చేసేది, అందుకని దానికీ ఒక అకౌంటు ఇవ్వాల్సి వచ్చింది. దాని మీటల్లో చుక్కలూ గీతలూ లేవు, ఎనిమిది అక్షరాలు దాటితే మొరాయించేది, నాకు విసుగొచ్చి దాని పేరునే రాసి చివర ఒకటి అంకె తగిలించి అదే పాస్‌వర్డు అన్నాను. కంపెనీలో మనుషులందరికీ పద్నాలుగు అక్షరాలు, తొంభై రోజులకోసారి మార్పు, పాస్‌వర్డు గోడ మీద రాసుకున్నాడని గోడౌన్ చూసే ముసలాయన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేసినవాణ్ణి నేను. ఆ యంత్రానికి మాత్రం మినహాయింపు. మూడేళ్ల క్రితం అది పాడైతే పాతసామాన్లవాడు తోపుడుబండి మీద వేసుకుపోయాడు, అకౌంటు ఇక్కడే ఉండిపోయింది. శనివారం మధ్యాహ్నం, ఏ దేశంలోనో, వీధంట తలుపులు తోసుకుంటూ పోయేవాడెవడో మా తలుపూ తోశాడు. తెరుచుకుంది. వాడి తప్పేముంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు. సోమవారం నుంచి ఎన్ని చేశానో. మా పేరుతో ఏ సర్వరు ఉత్తరం పంపొచ్చో లోకానికి చాటే జాబితా రాసి పెట్టాను, రేపు చేద్దాం అనుకుంటూ ఏళ్లు గడిపిన పని అది. ఇది మా దగ్గర్నుంచే వచ్చింది, దారిలో ఎవరూ ముట్టుకోలేదు అని ప్రతి ఉత్తరం మీదా సర్వరే సంతకం చేసేట్టు పెట్టాను. ఒక మనిషి గంటకి ఎన్ని పంపొచ్చో హద్దు గీశాను, తప్పు పాస్‌వర్డు అయిదుసార్లు కొడితే తలుపు మూసుకునేట్టు చేశాను, స్కానర్ అకౌంటు తీసేశాను, తీసేసి, అది శనివారం నుంచి ఏం చేసిందో చెప్పే వరసలన్నీ సర్వరు రాసుకునే చిట్టాలోంచి ఒక్కొక్కటే చెరిపేశాను. ఆపైన ఒక కొత్త రూలు రాసి పెద్దసారు చేత సంతకం పెట్టించాను. కంపెనీతో పని తీరిన మనిషిదైనా యంత్రానిదైనా, అకౌంటు అదే గంటలో తీసేయాలి. భేష్ అన్నాడు. నల్లజాబితా వాళ్ల అర్జీలో మాత్రం ఒక గడి ఉంటుంది, కారణం ఏమిటి అని. అక్కడ అబద్ధం చెల్లదు, వాళ్ల దగ్గర ఆధారాలుంటాయి, సోమవారం నేను డొంకతిరుగుడుగా రాసినదాన్ని రెండు నిమిషాల్లో తిప్పికొట్టారు. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. వాడకంలో లేని అకౌంటు, బలహీనమైన పాస్‌వర్డు, నిర్వాహకుడి నిర్లక్ష్యం. ముక్కూమొహం తెలియనివాళ్లకి నిజం చెప్పడం ఎంత సుఖంగా ఉందో. ఇక్కడ, ఇరవై అడుగుల దూరంలో, రెండు అద్దాలకి అవతల, పెద్దసారు గదిలో వదిన నిలబడి ఉంది. నేను చేసిన తప్పుకి ఆవిడ ఉద్యోగం ఇవాళ పోతుంది.

అద్దాల కంపెనీ కదా, గోడలు కూడా అద్దాలే, మాట వినపడదు, మనిషి కనపడుతుంది. వీపు కనపడుతోంది, ముడి కనపడుతోంది, ముడిలో గుచ్చిన పెన్ను కనపడుతోంది. ఇరవై ఒక్క ఏళ్లుగా పెన్ను అక్కడే, డిస్పాచ్ బల్ల దగ్గర ఎవరు పెన్ను అడిగినా చెయ్యి వెనక్కి వెళ్లేది. పక్కనే కుర్చీ ఉంది, కూర్చోమన్నట్టు లేదు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఏమిటా కాగితం? క్షమాపణ రాసుకొచ్చిందా, రాజీనామానా? ఆవిడకి ప్రతిదీ కాగితం మీద ఉండాలి, వచ్చిన ప్రతి మెయిలూ ప్రింటు తీసి ఫైల్లో గుచ్చుతుంది, వదినా నువ్వు ఉండగా అడవులకి దిక్కు లేదు అని నేను ఇంట్లో ఎన్నిసార్లు ఏడిపించలేదు. కాగితాన్ని పెద్దసారుకి ఇవ్వలేదు. ఇంకా ఇవ్వలేదు. పదకొండూ ఇరవై మూడు. జాబితాలో ఉన్నారు.

నా వినోదం ఒకటుంది. నెలకోసారి కంపెనీలో అందరికీ నేనే ఒక దొంగ మెయిల్ పంపుతాను, మీ పార్సిల్ ఆగిపోయింది ఇక్కడ నొక్కండి, మీ సెలవు మంజూరైంది ఇక్కడ నొక్కండి అని. నొక్కితే ఏమీ కాదు, ఎవరు నొక్కారో నాకు తెలుస్తుంది, అంతే. ఆ పేర్లు క్యాంటీన్ పక్కన బోర్డుకి గుచ్చుతాను, పైన ఎర్రక్షరాలతో, నొక్కినవాళ్ల జాబితా. ఆ మెయిల్ నాదేనని పెద్దసారుతో సహా ఎవరికీ చెప్పలేదు, చెబితే భయం పోతుంది కదా. భద్రత కోసమే అంటాను. అబద్ధం, టిఫిన్ డబ్బాలు పట్టుకుని జనం ఆ బోర్డు ముందు చేరి ఒకర్నొకరు ఎత్తిపొడుచుకుంటుంటే చూడటం నాకిష్టం. శుక్రవారం నొక్కింది ఒకే ఒక్కరు, వదిన. ఆవిడే నా బల్ల దగ్గరికి వచ్చింది, "అడ్మిన్ గారూ, పార్సిల్ అంటే మన గాజుదేనేమో అని నొక్కేశాను, ఏం కాలేదు కదా?" అంది. నేను తల కూడా ఎత్తలేదు. "బోర్డులో చూసుకోండి" అన్నాను. సోమవారం పెద్దసారు ఆ బోర్డు ముందు నిలబడి వేలు పెట్టి చూపించాడు, "శుక్రవారం నొక్కింది, శనివారం మొదలైంది. అంతేగా?" ఆ మెయిల్ నాదని నాకు తెలుసు, అందులో ఏమీ లేదనీ తెలుసు, ఆవిడ తలుపు ఎంత గట్టిగా మూసి ఉందో కంపెనీలో అందరికంటే నాకే బాగా తెలుసు. "అవకాశం ఉంది సార్" అన్నాను. నాలుగు మాటలు కూడా కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేది దొంగ అంటారు గానీ అదేం నిజం కాదు, నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి, భుజాలు తడుముకున్నది ఆవిడే. "మా అడ్మిన్ గారు ఎన్నోసార్లు చెప్పారు సార్, నేనే వినలేదు" అంది, నా ముందే.

అడ్మిన్ గారు. అదీ నా చలవే. చేరిన మొదటి వారంలో హాలు మధ్యలో, "ఏరా బుడ్డోడా, అన్నం తిన్నావా?" అని అరిచింది, గాజు తుడిచేవాళ్లు కూడా నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదారిలో, వదినా ఆఫీసులో అలా పిలవకు అన్నాను. మర్నాడు పొద్దున, "అడ్మిన్ గారూ, నా తెర వెలగడం లేదండీ" అంది, మొహంలో వెటకారం లేదు, కోపం లేదు, పన్నెండేళ్లు మళ్లీ నోరు జారలేదు. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. అనుభవం లేనివాణ్ణి ఎలా తీసుకోనమ్మా అని పెద్దసారు అంటే, "నాదీ పూచీ సార్, మా మరిది" అందట. కొత్త సర్వరు కూడా అంతే, పెట్టిన రోజున దాని ఉత్తరం ఎవడూ నమ్మడు, పేరున్నవాళ్లెవరో పక్కన నిలబడాలి, రోజుకి పదీ ఇరవై మంచి ఉత్తరాలు పంపుతూ పేరు సంపాదించుకోవాలి. ఏళ్లు పడుతుంది. పోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. పదకొండూ ముప్పై ఒకటి. ఉన్నారు.

పద్నాలుగేళ్లప్పుడు ఒక రేకుపెట్టె పట్టుకుని అన్నయ్యావదినల ఇంటికి వెళ్లాను, అన్నయ్య ఉద్యోగానికి పోతే పగలంతా నేనూ వదినా టైపు మిషనూ. లాయర్లకి కాగితాలు టైపు చేసేది. నా చేతుల మీద తువ్వాలు కప్పి, చూడకుండా కొట్టమనేది, తప్పు కొడితే స్కేలుతో తువ్వాలు మీద ఒక్కటి, వేళ్లకి కళ్లుండాలిరా అనేది. ఆ వేళ్లతోనే కదా సోమవారం వరసలన్నీ చెరిపింది. అప్పట్లో ఇంట్లో బూడిదరంగు పిల్లి ఉండేది, తోక సగం తెగినది, వదిన ఒళ్లో తప్ప పడుకునేది కాదు. ఒకరోజు నా సిరాబుడ్డి తన్నేశాను, మర్నాడు కోర్టుకి వెళ్లాల్సిన నలభై పేజీల మీద పడింది. వదిన పెరట్లో బట్టలారేస్తోంది. పిల్లిని పట్టుకుని దాని కాలు సిరాలో ముంచి కాగితాల మీద అడుగులు వేయించాను, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, ఎంత తెలివి, పదిహేనేళ్లు కూడా నిండలేదు. వదిన వచ్చి కాగితాల వంక చాలాసేపు చూసింది. సాయంత్రం పిల్లిని గుడ్డసంచిలో వేసుకుని మార్కెట్టు అవతలకి నడిచి వెళ్లి వదిలేసి వచ్చింది. ఆ రాత్రంతా తెల్లార్లూ టైపు మిషను చప్పుడు వింటూ నేను హాయిగా నిద్రపోయాను. పిల్లి తిరిగి రాలేదు.

ఇంట్లో ఆవిడకి కుర్చీ లేదు. ఇది నిజంగానే చెబుతున్నాను, అన్నయ్య పోయి మా ఇంటికి వచ్చాక వెనకగదిలో మంచం ఒకటి వేశాం, బీరువా సగం ఖాళీ చేసి ఇచ్చాం, కుర్చీ పట్టలేదు. హాల్లోవి మూడే, నేను, నా భార్య, పాప. వదిన మంచం అంచున కూర్చుని తింటుంది. పెద్దమ్మకి కుర్చీ ఏది అని పాప అడిగితే నా భార్య, పెద్దమ్మకి ఆఫీసులో ఉందిగా అంది. ఉంది. డిస్పాచ్ బల్ల దగ్గర, తను కుట్టుకున్న దిండు వేసిన కుర్చీ, రెండేళ్లయితే రిటైరై ఆవిడంతట ఆవిడే వదిలేసే కుర్చీ. ఈ కుర్చీ కూడా పోతే ఆవిడ పగలంతా ఎక్కడ కూర్చుంటుంది. నేను చెబితే నా కుర్చీ పోతుంది, సర్వరుని స్పామ్ పంపేవాళ్లకి అప్పగించినవాణ్ణి ఇంకెవడు తీసుకుంటాడు, ఈ ఊళ్లో ఈ పని చేసేవాళ్లం ఒకరికొకరం తెలుసు, నా పేరు ఏ జాబితాలోకి ఎక్కితే ఏ అర్జీ పెట్టుకుని దింపుకోను. ఆవిడైతే పెద్దది, ఎలాగూ రెండేళ్లే కదా. ఇలా ఆలోచించగలుగుతున్నానని నా మీద నాకు అసహ్యం వేస్తోంది. ఆ అసహ్యం కూడా ఎంతసేపో ఉండడం లేదు, పేజీ తెరవగానే పోతోంది.

పదకొండూ నలభై నాలుగు. లేచాను. తలుపు దాకా నాలుగు అడుగులు, అక్కణ్ణుంచి పెద్దసారు తలుపుకి పన్నెండు, వెళ్లి సార్ అది నేను సార్ అనాలి, అంతే, అయిపోతుంది. అది నేను సార్. పిడి మీద చెయ్యి వేశాను, చల్లగా ఉంది. అవతల పెద్దసారు ఏదో సంతకం పెట్టి కాగితం ఆవిడ వైపు తోశాడు, ఆవిడ ముడిలోంచి పెన్ను తీసింది. ఇప్పుడు వెళ్లినా ఇంకా వేళ మించలేదు, సంతకం ఎండలేదు కూడా. ఈలోపు పేజీ మారి ఉంటుందేమో, ఒక్కసారి చూసి వెళదాం అనుకున్నాను. వెనక్కి వచ్చి కూర్చున్నాను. జాబితాలో ఉన్నారు.

తలుపు తోసుకుని వదినే వచ్చింది. చలికి భుజాలు దగ్గరికి ముడుచుకుంది. "వచ్చిందా?" అంది తెర వంక చూస్తూ.

"ఇంకా లేదండీ."

"వస్తుందిలే." చేతిలో మడతపెట్టిన కాగితం అలాగే ఉంది. దాన్ని విప్పి నా కీబోర్డు మీద పరిచింది. వెనక్కొచ్చిన ఉత్తరం ఒకటి, మాత్రల ప్రకటన, తీసుకోము అని పైన మొట్టికాయ, పంపినవారు అన్నచోట స్కానర్. ఆ యంత్రం పంపినవాటికి జవాబులు డిస్పాచ్ బల్లకి వెళ్లాలని ఎనిమిదేళ్ల క్రితం పెట్టిన బుద్ధిమంతుణ్ణి నేనే. "సోమవారం ఎనిమిదిన్నరకి వచ్చేసరికి నా పెట్టె నిండా ఇవే. ఒకటి ప్రింటు తీశా. తొమ్మిదింటికి నువ్వొచ్చావు. తొమ్మిదింపావుకి ఒక్కటీ లేదు."

"పెద్దసారుకి చూపించారా?" నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"ఆ మిషను మీద అంటించిన చీటీ టైపు కొట్టింది నేనేరా బుడ్డోడా. పేరూ, పాస్‌వర్డూ. నాకు గుర్తుండదనుకున్నావా?" పన్నెండేళ్ల తర్వాత ఆఫీసులో ఆ పేరు. హాల్లో ఎవరైనా విన్నారేమోనని అద్దంలోంచి బయటికి చూశాను, చూశానని ఆవిడ చూసింది. "చూపించలేదులే. ఊపిరి పీల్చుకో." తర్వాత చాలా మామూలుగా, కూర ఏం వండను అని అడిగినట్టుగా అంది, "ఆ సిరా అడుగులన్నీ కుడికాలివే. నాలుగు కాళ్ల పిల్లి ఒంటికాలి మీద నడుస్తుందట్రా?"

"తెలిస్తే మరి దాన్నెందుకు వదిలేసొచ్చావు?"

"ఎవర్నో ఒకర్ని వదలాలి కదా. నిన్ను వదిలితే మీ అన్నయ్య ఊరుకునేవాడు కాదు." పెన్ను మళ్లీ ముడిలో గుచ్చుకుంది. "ఇప్పుడు మీ అన్నయ్య లేడు. నేను మా చెల్లెలి దగ్గరికి పోతున్నా, సాయంత్రం ఇంటికి రాను. పాప అడుగుతుంది. ఏం చెబుతావో చెప్పుకో, ఈసారి ఇంట్లో పిల్లి కూడా లేదు."

వదినా అన్నాను. తలుపు దగ్గర ఆగి, "నా అకౌంటు తీసెయ్యి. అదే గంటలో తీసేయాలట కదా, ఇందాక పెద్దసారు చదివి వినిపించారు, బాగా రాశావు" అంది. తలుపు దానంతటదే మూసుకుంది, చలి బయటికి పోకుండా అలాంటి తలుపు పెట్టించిందీ నేనే. డిస్పాచ్ బల్ల దగ్గరికి వెళ్లి కుర్చీ మీది దిండు తీసుకుంది, ఇంకేమీ తీసుకోలేదు. ఎవరూ లేవలేదు. గోడౌన్ ముసలాయన ఒక్కడే గేటు దాకా వెంట నడిచాడు.

కాగితాన్ని ముక్కలు చేసే యంత్రంలో పెట్టాను, మింగేసింది. ఆవిడ అకౌంటు తెరిచాను. ఇరవై ఒక్క ఏళ్ల ఉత్తరాలు, తీసేయమంటారా అని అడిగింది, నొక్కాను. నిజంగా తీసేయమంటారా అని మళ్లీ అడిగింది, దానికి కూడా మనసు ఒప్పనట్టుంది, నొక్కాను. పాతసామాన్లవాడికి వేసిన యంత్రం అకౌంటు మూడేళ్లు ఉంచాను, వదినది నాలుగు నిమిషాల్లో తీసేశాను. పన్నెండు కొట్టడానికి రెండు నిమిషాలుండగా పేజీ తెరిస్తే ఆకుపచ్చగా ఉంది, మీరు జాబితాలో లేరు, నిజాయితీగా కారణం తెలిపినందుకు ధన్యవాదాలు అని రాసి ఉంది. అద్దంలోంచి పెద్దసారుకి బొటనవేలు చూపించాను. హాల్లో చప్పట్లు కొట్టారు, కింద ఎవరో అప్పుడే రాయి తిప్పారు, గరగర మొదలైంది. పెద్దసారు ముందే రాసి పెట్టుకున్న ఉత్తరం పంపాడు, అన్ని కొట్లకీ, ఉద్యోగులందరికీ, ఒక ఉద్యోగిని అజాగ్రత్త వల్ల జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఆమెను తొలగించాం అని. ఇది మా దగ్గర్నుంచే వచ్చింది, దారిలో ఎవరూ ముట్టుకోలేదు అని సర్వరు ప్రతి దాని మీదా సంతకం చేసింది. మూడు వందల పన్నెండు కొట్లకి చేరాయి. ఉద్యోగులకి చేరాయి. ఒక్కటే వెనక్కొచ్చింది, పెద్దసారు పాత జాబితాలోంచి తీయడం మరిచిపోయినట్టున్నాడు, వదినకి పంపింది. ఈ చిరునామాలో ఎవరూ లేరు అని మా సర్వరే దాని నెత్తిన రాసింది.